చలికాలం కూరగాయలు: బుట్ట కట్టించుకోవాలా, వెళ్లి ఏరుకోవాలా, వాటిలో ఏది ఏ ఇంటికి

ముందు ఒక ప్రశ్న అడుగుతాను, మొహమాటం లేకుండా జవాబు చెప్పుకోండి. మీ ఇంట్లో మెంతికూర గిల్లేది ఎవరు? చిక్కుడుకాయలకి ఈనెలు తీసేది ఎవరు, ఏ టైంలో? సేంద్రియమా కాదా, కిలో ఎంత, డెలివరీ ఉందా లేదా అన్న లెక్కలన్నీ దీని తర్వాతే.

నేనైతే ఆ ప్రశ్న వేసుకోకుండానే మొదటి ఏడాది నవంబరులో ఉత్సాహంగా వారం బుట్టకి డబ్బు కట్టేశాను. చేవెళ్ల అవతల రెండెకరాల చిన్న తోట, రసాయనాలు వాడరు, శనివారం పొద్దున్నే కోసి మధ్యాహ్నానికి హైదరాబాదులో మా గుమ్మం ముందు పెడతారు. మొదటి బుట్టలో రెండు కట్టల మెంతి, పాలకూర, చుక్కకూర, కొత్తిమీర, ఆకులతో సహా ముల్లంగి, కిలో చిక్కుడు, పై రెబ్బలకి చిల్లులు పడిన క్యాబేజీ ఒకటి వచ్చాయి. చూడ్డానికి పండగలా ఉంది. మంగళవారానికల్లా మెంతి పసుపు తిరిగింది, పాలకూర కవరులో జిగురైపోయింది, చిక్కుడు మాత్రం 'నా సంగతేంటి' అన్నట్టు ఫ్రిజ్ అడుగున అలాగే ఉంది. తప్పు తోటవాళ్లది కాదు. ఇద్దరం ఉద్యోగాలకి పోయే ఇల్లు మాది, సాయంత్రం ఏడున్నరకి ఇంటికి చేరి ఆకుకూర బాగుచేయడానికి కూర్చునేంత ఓపిక ఎవరికుంటుంది చెప్పండి.

అప్పటినుంచి నాలుగు చలికాలాలు అయ్యాయి. బుట్టా చూశాను, తోటకి వెళ్లి ఏరుకోవడమూ చూశాను, రైతు బజారూ చూశాను, యాప్‌లో ఆకుపచ్చ స్టిక్కర్ వేసి అమ్మేవీ చూశాను.

ఎక్కడ కొనాలి

వారం బుట్టలో మంచి ఏమిటంటే మీరు ఆలోచించక్కర్లేదు, వచ్చింది వండుకోవడమే. చెడు కూడా అదే. మడిలో ఏది కోతకి వస్తే అది వస్తుంది, డిసెంబరు మూడోవారంలో మూడు రకాల ఆకుకూరలు ఒకేసారి వస్తే కాదనే వీలు ఉండదు. అందుకని ఇంట్లో అమ్మో, అత్తగారో, పొద్దున్న కాస్త తీరిక ఉన్న మనిషో ఉండి, నలుగురికి తగ్గకుండా తినేవాళ్లు ఉంటే బుట్ట కట్టించుకోండి, మీ డబ్బుకి అంతకంటే మంచి వాడకం లేదు. ఇద్దరే ఉంటే సగం బుట్ట ఇస్తారేమో అడగండి. ఇవ్వకపోతే పక్క ఫ్లాట్‌వాళ్లతో కలిసి తీసుకోండి కానీ పంపకం దగ్గర మాత్రం ముందే తేల్చుకోండి, గోబీ పువ్వు ఒక్కటే వచ్చిన వారం స్నేహాలకి పరీక్షే.

తోటకి మనమే వెళ్లి తెచ్చుకోవడం నాకు అన్నింటికంటే ఇష్టం, కానీ ఇది ప్రతివారం జరిగే పని కాదు. పెట్రోలు లెక్కేస్తే క్యారెట్ కిలో ఎంత పడిందో చెప్పుకోడానికి సిగ్గేస్తుంది. నెలకోసారి, పిల్లల్ని తీసుకుని, అక్కడ వేరే పని ఉన్నప్పుడు వెళ్లడం బాగుంటుంది. అలా వెళ్లినప్పుడు నిలవుండేవే తెచ్చుకోవాలి: క్యాబేజీ, క్యారెట్, బీట్‌రూట్, గుమ్మడి, చిలగడదుంప. ఆకుకూర ఒక్క పూటకే.

రైతు బజారుని చాలామంది ఈ చర్చలో వదిలేస్తారు, అది అన్యాయం. 1999లో మొదలైన ఆ బజార్లలో ధరల బోర్డు కళ్లెదుటే ఉంటుంది, పొద్దున్నే వెళితే సరుకు తాజాగానే ఉంటుంది, కావలసినంతే కొనుక్కోవచ్చు. అక్కడున్నది సేంద్రియం అని ఎవరూ అనరు, మనమూ అనుకోకూడదు. నా పద్ధతి ఇప్పుడు ఇలా తేలింది: ఆకుకూరలు, చిక్కుడు, గోబీ తోటనుంచి, ఉల్లి, బంగాళాదుంప, బఠాణీ, అల్లం లాంటివి ఎర్రగడ్డ రైతు బజారునుంచి. అన్నీ ఒక్కచోటే కొనాలని పంతం పట్టిన ఏడాదే నేను ఎక్కువ పారేశాను.

యాప్‌ల సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఏడాది పొడుగునా అవే బెండ, దొండ, అదే సొర ఒకే సైజులో వస్తుంటే అది చిన్న తోట సరుకు అయ్యే అవకాశం తక్కువ. జనవరి చలికి బెండ కాపు తగ్గిపోతుంది. నిజంగా పండించేవాడి దగ్గర 'ఈ వారం లేదండీ' అనే మాట తరచుగా వినపడుతుంది, నాకు ఆ మాట వింటేనే నమ్మకం.

సేంద్రియ సర్టిఫికెట్ గురించి కూడా అడుగుతుంటారు. 2017లో వచ్చిన ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) నిబంధనల ప్రకారం ఏడాదికి 12 లక్షల రూపాయలకి మించని టర్నోవర్ ఉన్న చిన్న రైతు తన పంటని నేరుగా తినేవాళ్లకే అమ్ముకుంటే సర్టిఫికెట్ తప్పనిసరి కాదు, కాకపోతే సేంద్రియ సరుకు మీద వేసే జైవిక్ భారత్ గుర్తు వేసుకోకూడదు. కాబట్టి కాగితం లేనంతమాత్రాన మోసం అనుకోవద్దు. రైతులు గుంపుగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ అనే పద్ధతి కూడా ఉంది. ఇవేవీ లేనప్పుడు నేను అడిగేది ఒకటే: 'చిక్కుడుకి పేనుబంక పడితే ఏం చేస్తారు?' వేపగింజల కషాయమో, పది రకాల ఆకులతో కాచే దశపర్ణి కషాయమో, పట్టిన కొమ్మలు తుంచి పారేస్తామనో, ఏదో ఒకటి చేతులు తిప్పుతూ వివరంగా చెప్పేవాడు ఆ పని చేసినవాడే. 'మాకు పురుగే రాదు మేడమ్' అన్నవాడి దగ్గర నేను కొనను.

గోబీయా, క్యాబేజీయా

తోట సరుకులో ఎక్కువ మంది దెబ్బతినేది గోబీ దగ్గర. మార్కెట్లో తెల్లగా, గట్టిగా ఉన్న పువ్వు చూసి అలవాటైన కళ్లకి తోట గోబీ చిన్నగా, కాస్త పసుపుగా, విడివిడిగా కనిపిస్తుంది. ఆ పసుపు పాడైపోవడం కాదు, పువ్వు మీద ఎండ పడితే అలా తిరుగుతుంది. తెల్లగా ఉండాలంటే చుట్టూ ఉన్న ఆకుల్ని పైకి మడిచి కట్టాలి, చిన్న తోటలో అంత కూలి పెట్టలేక కొందరు వదిలేస్తారు. రుచికి అడ్డం లేదు. పువ్వు బియ్యపు గింజల్లా పలుకులు పలుకులుగా విచ్చుకుని ఉంటే మాత్రం వేడికి చెడిందని అర్థం, అది వద్దనండి. అందుకే నవంబరు మొదట్లో వచ్చే గోబీకి తొందరపడొద్దు, డిసెంబరు నడిమినుంచి జనవరి చివరిదాకా వచ్చేదే అసలు గోబీ.

పురుగు రెండింటిలోనూ ఉంటుంది, దాక్కునే చోటు వేరు. క్యాబేజీలో చాలావరకు పై రెబ్బల్లోనే కనిపిస్తుంది, మూడు నాలుగు రెబ్బలు తీసేస్తే లోపల శుభ్రం. గోబీలో పువ్వుల సందుల్లో, కాడల మొదట్లో పచ్చటి పురుగు కాడ రంగులోనే కలిసిపోయి ఉంటుంది. పెద్ద రెమ్మలుగా విడదీసి, ఉప్పూ పసుపూ వేసిన వేడి నీళ్లలో పది నిమిషాలు ఉంచితే పైకి తేలుతుంది. పురుగు చూస్తే రెండు రోజులు అన్నం ముట్టని మనుషులు ఇంట్లో ఉంటే (మా ఆయన ఆ బాపతే) ఆ పని వాళ్లు లేనప్పుడు చేసుకోండి, లేదా క్యాబేజీతో సరిపెట్టుకోండి.

తీరిక లేని ఇంటికి నా ఓటు క్యాబేజీకే. ఫ్రిజ్‌లో రెండు వారాలు కదలదు. సన్నగా తరిగి, నానబెట్టిన పెసరపప్పు, పచ్చికొబ్బరి వేసి మూత పెట్టకుండా పెద్ద మంట మీద పది నిమిషాల్లో దించేస్తే ఆ వాసన అని మొహం తిప్పుకునేవాళ్లు కూడా తింటారు. క్యాబేజీకి ఆ వాసన ఎక్కువసేపు ఉడకబెడితే వచ్చేదే, కూరగాయది కాదు ఆ తప్పు. తోట క్యాబేజీ చిన్నది కాబట్టి ఒక్క పూటకే అయిపోతుంది, సగం కోసి నల్లబడే బాధ ఉండదు. ఆవ పెట్టుకునే అలవాటున్న గోదావరివాళ్లకి నేను కొత్తగా చెప్పేదేం లేదు.

గోబీ తీసుకుంటే మాత్రం మొత్తం వాడండి. లేత ఆకులు తోటకూరలా వేపుడు చేసుకోవచ్చు, కాడ పైన చెక్కు తీసి పప్పులో వేసుకోవచ్చు. మంచి పువ్వు దొరికితే జనవరిలో ఒక్కసారైనా గోబీ ఆవకాయ పెట్టండి: తడి లేకుండా ఆరబెట్టిన ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె, మర్నాడు నిమ్మరసం. ఇది మామిడి ఆవకాయలా ఏడాది ఉండేది కాదు, పదిహేను రోజుల్లో తినేయాలి. మా ఇంట్లో వారం ఉంటే గొప్ప.

ఆకుకూరల్లో ఏది

పాలకూర చాలా తేలిక, కడిగి కోసేస్తే అయిపోతుంది. చుక్కకూర ఇంకా తేలిక, పప్పులో వేస్తే చింతపండు పని కూడా తప్పుతుంది. మెంతి మాత్రం ఓపిక అడుగుతుంది. అయినా ఒక్కటే ఎంచుకోమంటే నేను మెంతే అంటాను, ఎందుకంటే పాలకూర వేసవిలో కూడా ఎలాగోలా దొరుకుతుంది, చలిలో పెరిగిన మెంతికి ఉన్న ఆ వాసన మాత్రం మార్చి దాటితే ఉండదు.

మెంతి చేదు అని ఉప్పు రాసి పిండేసేవాళ్లని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పిండేస్తే చేదుతో పాటు మెంతి కూడా పోతుంది. నూనెలో ముందు మెంతికూర వేసి పచ్చివాసన పోయేదాకా వేయించి, ఆ తర్వాత టమాటా వేయండి, చేదు అణిగిపోతుంది. వంకాయతో కలిపినా అంతే, అందులోనూ చలికాలం లేత వంకాయ అయితే ఆ పూట వేరే కూర అక్కర్లేదు. కట్టలు మిగిలిపోతే పారేయకండి, నీడలో ఆరబెట్టి నలిపి డబ్బాలో పోసుకుంటే వేసవిలో పప్పుకి, చపాతీ పిండికి అదే దిక్కు.

కిడ్నీలో రాళ్లున్నాయని డాక్టర్ చెప్పినవాళ్లకి ఎంపిక ఇంకా సులువు. పాలకూర, చుక్కకూరల్లో ఆక్సలేట్లు బాగా ఎక్కువ, మెంతిలో చాలా తక్కువ. పాలకూర తప్పదనుకుంటే ఉడికించి ఆ నీళ్లు వంపేయడం మేలు. ఎంత తినొచ్చన్నది మాత్రం మీ డాక్టర్‌నే అడగండి, నన్ను కాదు.

కట్టలు ఇంటికి రాగానే కడిగేయడం నేను చేసిన మరో పొరపాటు. తడి ఉంటే ఒక్కరోజులో కుళ్లు పడుతుంది. తాడు విప్పి, పాడైన ఆకు తీసేసి, పొడి కాటన్ గుడ్డలో చుట్టి పెట్టండి, వండే ముందు కడగండి. ముల్లంగికి, క్యారెట్‌కి, బీట్‌రూట్‌కి ఆకులు వెంటనే కోసి విడిగా పెట్టాలి, లేకపోతే ఆకు దుంపలో తేమ లాగేసి దుంప వడిలిపోతుంది. టమాటాలు, వంకాయలు ఫ్రిజ్‌లో అసలు పెట్టకపోయినా చలికాలంలో మూడు రోజులు నిక్షేపంగా ఉంటాయి.

చిక్కుడా, అనపా

ఇక్కడ మాత్రం కాస్త నిదానంగా కూర్చుంటాను, ఎందుకంటే చలికాలం అంటే నాకు చిక్కుడే. మాది తణుకు వైపు, అత్తగారిది సిద్దిపేట. పెళ్లయిన కొత్తలో అత్తగారింట్లో 'అనపకాయలు తెచ్చిన' అంటే అది నాకు తెలిసిన సొరకాయ అనుకుని పులుసు పెట్టడానికి సిద్ధమయ్యాను. మా వైపు ఆనపకాయ అంటే సొరకాయే మరి. సంచి విప్పితే చిక్కుడుకి చుట్టంలా ఉన్న చిన్న కాయలు, ఘాటైన వాసన. అత్తమ్మ పదేళ్లుగా ఈ కథ వచ్చినవాళ్లందరికీ చెబుతూనే ఉంది.

నిజానికి చిక్కుడు, అనప రెండూ ఒకే జాతి. చిక్కుడు తొక్కతో సహా తింటాం, అనప గింజ కోసం పండిస్తారు. నాటు చిక్కుడు పాదు పగలు కురచ అయితే తప్ప పూతకి రాదు, అందుకే జూన్‌లో పెట్టిన పాదు కూడా వర్షాకాలమంతా ఆకు పెంచుకుంటూ కూర్చుని చలి మొదలయ్యాక గుత్తులు వేస్తుంది. ఏడాది పొడుగునా మార్కెట్లో కనిపించే పొట్టి మొక్కల చిక్కుడు వేరే రకం, పగటి పొద్దుతో దానికి పని లేదు. కాయ నున్నగా, ఒకే సైజులో ఉంటుంది, ఈనె తక్కువ, వాసనా తక్కువే. అంచుకి ఊదారంగు గీత ఉన్న నాటు కాయ తోటలో దొరికితే రెండో ఆలోచన వద్దు. సంక్రాంతి కలగూరలోకి గుమ్మడి, చిలగడదుంప, వంకాయలతో పాటు ఆ చిక్కుడు పడాలి, రథసప్తమికి చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టేదాకా ఆ పాదు మనకి పనికొస్తూనే ఉంటుంది.

లేత కాయైతే తుంచి కొబ్బరి కారం పెట్టి వేయించుకోండి, గింజ పట్టిన కాయైతే వంకాయ, టమాటాతో ఇగురు. అత్తమ్మ అయితే నువ్వుల పొడి చల్లుతుంది, మొదట్లో వింతగా ఉండేది, ఇప్పుడు అది లేకపోతే నాకే వెలితి. ముదిరి తొక్క తోలులా అయిన కాయలు వస్తే గింజలు ఒలిచి తొక్క పారేయండి, ఆ తొక్క ఎంత ఉడికించినా నమలలేం.

అనపకాయ పని ఇంకో మెట్టు పైన. తేలిక దారి గుడాలు: గింజలు ఒలిచి ఉప్పేసి ఉడకబెట్టి, తాలింపు వేసి సాయంత్రం చాయ్‌తో. కాయలు కాయలుగానే ఉడకబెట్టి అందరూ చుట్టూ కూర్చుని ఒలుచుకు తింటే ఒలిచే పని కూడా పంచుకున్నట్టే, పచ్చి కందికాయలకీ ఇదే పద్ధతి. కష్టమైన దారి చిత్తూరు వైపు పితికిపప్పు: గింజల్ని నీళ్లలో నానబెట్టి, ఒక్కో గింజనీ వేళ్లతో పితికి పై తోలు తీసి, ఆ పప్పుతో మసాలా కూర. ఇద్దరున్న ఇంటికి గంటన్నర పని. ఏడాదికి ఒక్కసారి చేసుకోండి, ఆదివారం, టీవీలో ఏదైనా మంచి సినిమా ఉన్నప్పుడు.

అంటే వారం మధ్యలో వండుకునే ఇంటికి పొట్టి చిక్కుడు చాలు, శని ఆదివారాల్లో ఓపికున్న ఇంటికి నాటు చిక్కుడు, చేతులు ఎక్కువున్న ఇంటికి అనప.

మిగిలినవి గబగబా

ముల్లంగి అంటే ముక్కు మూసుకునేవాళ్లు జనవరిలో తోట ముల్లంగి ఒక్కసారి పచ్చిది కొరికి చూడండి. ఎండకి పెరిగిన ముల్లంగి ఘాటెక్కి బెండు పడుతుంది, చలిలో పెరిగింది తియ్యగా, నీరు నిండి ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉండాలి, తేలిగ్గా ఉంటే లోపల బెండే. పైగా ఒకటి కొంటే రెండు కూరలు: ఆకు పెసరపప్పుతో పొడికూర, దుంప సాంబారుకో రోటి పచ్చడికో. డబ్బు లెక్క చూసుకునేవాళ్లకి బుట్టలో దీన్ని మించింది లేదు.

క్యారెట్ తోటది రెండు కాళ్లతో, మూడు కాళ్లతో, వంకర్లు తిరిగి వస్తుంది. నేలలో రాయో గట్టి పెడ్డో అడ్డొస్తే దుంప చీలుతుంది, అంతే. కూరకి, సాంబారుకి, పిల్లలు పచ్చివి నమలడానికి ఇది బాగుంటుంది. హల్వాకైతే తోటది వద్దు, ఉత్తరాదినుంచి చలికాలంలో వచ్చే ఎర్ర క్యారెట్ కొనండి, రంగుకీ తీపికీ అదే సరి. బఠాణీ కూడా మార్కెట్లోదే కొనేస్తాను, మన వేడికి చిన్న తోటలో అది పండేది తక్కువ. కోసిన గంటలనుంచే అందులో తీపి పిండిగా మారిపోతుంటుంది కాబట్టి ఎక్కడ కొన్నా ఆ రోజే ఒలిచి వండండి.

బీట్‌రూట్ తొక్కతోనే ఉడికించి తర్వాత ఒలవండి, రంగు బయటికి పోదు. తిన్న మర్నాడు బాత్రూంలో ఎర్రగా కనిపిస్తే కంగారుపడి ఆసుపత్రికి పరిగెత్తొద్దు, కొందరికి అలా అవుతుంది, నేను ఒకసారి సగం దారి దాకా వెళ్లొచ్చాను.

బుట్ట వచ్చాక వండే వరస మాత్రం తప్పొద్దు. శని, ఆదివారాల్లో మెంతి, పాలకూర, ముల్లంగి ఆకు. సోమ, మంగళ వారాల్లో చిక్కుడు, వంకాయ, గోబీ. బుధవారంనుంచి క్యాబేజీ, క్యారెట్, బీట్‌రూట్. చిలగడదుంప, కోయని గుమ్మడికాయ లెక్కలోకే రావు, అవి బయటే వారాలు ఉంటాయి. ఆదివారం పొద్దున్న ఒక గంట కూర్చుని ఈనెలన్నీ తీసి, మెంతి గిల్లి డబ్బాల్లో సర్దుకుంటే మిగతా వారం పావుగంట వంట.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒకేసారి సీజనంతా డబ్బు కట్టొద్దు. నవంబరు చివర్లో నాలుగు వారాలకి సగం బుట్ట అడగండి, ఎంత తిన్నారో ఎంత పారేశారో ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి రాసుకోండి. మా కాగితం మీద మొదటి ఏడాది పారేసిన వరసలో మెంతి ఏడుసార్లు ఉంది. ఈ ఏడాది ఒక్కసారే, అది కూడా సంక్రాంతికి ఊరెళ్లిన వారం. ఆ వారం బుట్ట వద్దని ముందే చెప్పి ఉంటే అదీ ఉండేది కాదు, కాబట్టి పండక్కి ఊరెళ్లేవాళ్లు ఆ ఫోన్ ఇప్పుడే చేసేయండి.